ఐదు స్టిక్కర్లు, ఒకే మనిషి

పోయిన ఫెస్ట్‌లో మా స్టాల్ గుర్తుందా? లైబ్రరీ మెట్ల పక్కన, పానీపూరీ బండికి ఎదురుగా. అందులో స్టిక్కర్లు గీసింది నా రూమ్మేట్. అమ్మింది నేను. పాత తెలుగు సినిమా విలన్ల సెట్ అది: నేపాళ మాంత్రికుడు, కీచకుడు, హిరణ్యకశిపుడు, రావణుడు, యముడు. యముడు విలనెలా అవుతాడని అడిగినవాళ్ళని, నాలుగు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్ళ దగ్గరికి పంపించాం. కళ్ళు మండే గులాబీ, పసుపు, చిలకాకుపచ్చ రంగులు, చుట్టూ వేలెడు మందం నల్ల గీత. ఒక్కోటి ఇరవై రూపాయలు, సెట్ మొత్తం ఎనభై. రెండో రోజు మధ్యాహ్నానికే అయిపోయాయి. ఇప్పటికీ సగం క్లాసు లాప్‌టాప్‌ల మీద మాంత్రికుడు మనల్నే చూస్తుంటాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. సాయంత్రం ఒక ఫస్టియర్ అమ్మాయి వచ్చి, మాంత్రికుడి స్టిక్కర్ చేతిలో పట్టుకుని, ఈయన అసలు పేరేంటన్నా అని అడిగింది. మాంత్రికుడి పేరా, నటుడి పేరా అన్నాను తెలివిగా. నటుడిది అంది. నేను రూమ్మేట్ వైపు చూశాను, వాడు నా వైపు చూశాడు. ఎవరో పాతకాలం నటుడమ్మా అని చెప్పి ఇరవై తీసుకున్నాం. రాత్రి రూంకొచ్చి సెల్‌లో వెతికితే అప్పుడు తెలిసింది. ఐదు స్టిక్కర్లలో ఉన్నదీ ఒకే మనిషి. గీసినవాడికీ తెలీదు, అమ్మినవాడికీ తెలీదు.

మాది భట్టిప్రోలు. మా ఊరి స్తూపంలో దొరికిన రాతి భరిణెల మీద, రెండు వేల ఏళ్ళకి పైబడిన అక్షరాల్లో, ఆ పనికి పూనుకున్నవాళ్ళ పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. రాజుల పేర్లొక్కటే కాదు, మామూలు జనం పేర్లు. అలాంటి ఊళ్ళో పుట్టి, ఒక మనిషి మొహాన్ని ఐదు రకాలుగా అమ్ముకుని, పేరు అడిగితే ఎవరో అన్నాను. ఈ వ్యాసం అందుకే.

ఆయన పేరు సామర్ల వెంకట రంగారావు. అందరూ ఎస్వీ రంగారావు అంటారు, ఇంకా చనువుంటే ఎస్వీఆర్. 1918 జూలై 3న నూజివీడులో పుట్టారు. నాన్న కోటేశ్వర నాయుడు ఎక్సైజ్ శాఖలో ఉద్యోగి. చిన్నప్పుడు నాయనమ్మ దగ్గర మద్రాసులో పెరిగారు, హిందూ హైస్కూల్లో చదివారు. నాటకాల పిచ్చి అక్కడే అంటుకుంది. ఇంటర్మీడియట్ విశాఖపట్నంలో, బీఎస్సీ కాకినాడ పి.ఆర్. కాలేజీలో. అంటే మనలాగే సైన్స్ స్టూడెంట్. మనలాగే క్లాసు కంటే క్లబ్బు ఎక్కువ. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఒక నాటక సంఘం ఉండేది. తర్వాత పెద్ద తార అయిన అంజలీదేవి, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు కూడా ఆ క్లబ్బు నుంచి వచ్చినవాళ్ళే. రంగారావు తెలుగు నాటకాలే కాదు, షేక్‌స్పియర్‌ని ఇంగ్లీషులోనే వేసేవారు. ఒథెల్లో వేశారు. వెనిస్ వర్తకుడిలో షైలాక్ వేశారు. ఈ షైలాక్‌ని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

చదువయ్యాక ఉద్యోగం. ఏ ఉద్యోగమో తెలిస్తే నవ్వొస్తుంది: ఫైర్ ఆఫీసర్. బందరులో, విజయనగరంలో పనిచేశారు. ఆరడుగుల మనిషి, ఆ గొంతు, మంట దగ్గర నిలబడి ఆర్డర్లు వేస్తుంటే ఎలా ఉండేదో. కానీ ఫైర్ స్టేషన్లో పని లేనప్పుడు ఖాళీ, పని ఉన్నప్పుడు నాటకానికి తీరిక ఉండదు. వదిలేశారు.

అప్పుడు వరూధిని సినిమాలో హీరో వేషం వచ్చింది. దర్శకుడు బి.వి. రామానందం. మనుచరిత్ర కథ, ఈయన ప్రవరుడు. 1947 జనవరిలో విడుదలైంది. ఆడలేదు.

ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తోంది, ఎందుకంటే మన పేజీలో వచ్చే మహానుభావుల జీవితాలన్నిటిలో ఈ భాగాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. మొదట కొన్ని కష్టాలు పడ్డారు, తర్వాత పేరు తెచ్చుకున్నారు అని. ఆ మొదట అనేదాంట్లో ఏముందో చూడండి. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. గవర్నమెంటు ఉద్యోగం చేతులారా వదిలేశాడు. హీరోగా చేసిన ఒక్క సినిమా పోయింది. రెండోది ఇచ్చేవాళ్ళు లేరు. అప్పుడాయన జంషెడ్‌పూర్ వెళ్ళిపోయి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరిపోయారు. టాటాలో ఉద్యోగం! ఈ సంవత్సరం మన ప్లేస్‌మెంట్ లిస్టులో ఆ పేరు ఉంటే ఇంట్లో స్వీట్లు పంచుతారు. ఆయనకి మాత్రం అది ఓడిపోయి చేరిన చోటు. 1947 డిసెంబర్‌లో లీలావతి గారితో పెళ్ళి కూడా అయింది. ఇక స్థిరపడ్డట్టే. అక్కడున్న తెలుగువాళ్ళతో కలిసి నాటకాలు మాత్రం మానలేదు. మనలో ఎంతమంది అలా ఆఫీసు అయ్యాక గిటారో, స్కెచ్‌బుక్కో పట్టుకుని బతికేయబోతున్నామో లెక్కేసుకోండి.

మళ్ళీ పిలుపు వచ్చింది. దర్శకుడు బి.ఎ. సుబ్బారావు పల్లెటూరి పిల్లలో విలన్ వేషం ఉంది రమ్మన్నారు. సరిగ్గా అప్పుడే తండ్రి పోయారు. ఆ కార్యక్రమాలన్నీ ముగించుకుని మద్రాసు చేరేసరికి ఆలస్యమైంది, వేషం ఎ.వి. సుబ్బారావుకి వెళ్ళిపోయింది. ఉత్త చేతుల్తో పంపడం ఇష్టంలేక అదే సినిమాలో హీరోయిన్ తండ్రి వేషం ఇచ్చారు. ముప్పై నిండిన కొత్తలోనే ముసలి తండ్రి! ఆయన వద్దనలేదు. టాటా కంపెనీకి తిరిగి వెళ్ళనూ లేదు. 1949లో మనదేశం, 1950లో పల్లెటూరి పిల్ల, అదే ఏడు విజయా వాళ్ళ షావుకారు. షావుకారులో సున్నం రంగడు అనే రౌడీ వేషం. ఊళ్ళో అందరికీ తెలిసిన బాపతు మనిషి: లుంగీ, మీసం, మాట తేలిక, చెయ్యి ఇంకా తేలిక. జనం అప్పుడు చూశారు ఆయన్ని.

విజయా వాళ్ళు అన్నాను కదా, అందులో సగం మా వైపు. నాగిరెడ్డి గారితో కలిసి విజయా నడిపిన చక్రపాణి గారిది తెనాలి, ఐతానగర్. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. క్షయ వచ్చి మదనపల్లె శానిటోరియంలో ఉన్నప్పుడు పక్క రోగి దగ్గర బెంగాలీ నేర్చుకుని శరత్ నవలల్ని తెలుగులోకి తెచ్చిన మనిషి. వీళ్ళిద్దరూ 1947 జూలైలో చందమామ మొదలుపెట్టారు. మంత్రగాళ్ళు, రాక్షసులు, గుహలు, మాట్లాడే పుర్రెలు: మన తాతల నుంచి మన దాకా అందరం దాచుకున్న బొమ్మలు. అంటే తెలుగు పిల్లలకి మొదటి కలెక్టబుల్ విలన్లని ఇచ్చినవాళ్ళు ఎవరో, వాళ్ళే నేపాళ మాంత్రికుడిని తెరకెక్కించారు.

పాతాళభైరవి 1951 మార్చి 15న విడుదలైంది. దర్శకుడు కె.వి. రెడ్డి, మాటలు పింగళి నాగేంద్రరావు, కెమెరా మార్కస్ బార్ట్‌లీ. తోటరాముడుగా ఎన్టీఆర్. కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా: పాతాళభైరవికి సకల విద్యా ప్రవీణుడైన సాహసిని బలిస్తే, కోరిందల్లా ఇచ్చే బొమ్మ దొరుకుతుంది. ఆ బలి కోసం మాంత్రికుడు నేపాళం నుంచి ఉజ్జయిని వస్తాడు. రాకుమారిని పెళ్ళి చేసుకోవడానికి డబ్బు కావాల్సిన తోటమాలి కొడుకు దొరుకుతాడు. ఆ కుర్రాడిని మాంత్రికుడు ఏ రోజూ బెదిరించడు, పొగుడుతాడు. ఒక్కో పరీక్షా పెడుతూ, నువ్వు తప్ప ఇంకెవరూ చెయ్యలేరన్నట్టు వెన్ను తడుతూ బలిపీఠం దాకా నడిపిస్తాడు. అందుకే ఆ డింభకా అన్న పిలుపు డెబ్బై ఏళ్ళు దాటినా పోలేదు. తిడితే మర్చిపోతాం కానీ ముద్దుగా ముంచినవాడిని మర్చిపోం.

మా రూమ్మేట్ ఆ సినిమా ఇప్పటికి నాలుగుసార్లు చూశాడు, రెండుసార్లు సౌండ్ తీసేసి. వాడు చెప్పింది రాస్తున్నాను. మాంత్రికుడి మొహం ముందే గీసిన బొమ్మ. పైకి లేచిన కనుబొమలు రెండు గీతలు, కొసదేరిన గడ్డం ఒక త్రికోణం, మధ్యలో తెల్లగుడ్డు ఎక్కువ కనిపించే కళ్ళు. ఎంత చిన్నగా గీసినా, ఏ రంగు వేసినా పోలిక పోదు. సినిమా నలుపు తెలుపు కాబట్టి అంగీ రంగు మన ఇష్టం. వాడు గులాబీ వేశాడు, ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ బొమ్మ ఊరికే రాలేదు మరి. ఆ సినిమాకి కళా దర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. గోఖలే గారిది పొన్నూరు దగ్గర బ్రాహ్మణకోడూరు, మా ఊరికి దూరమేమీ కాదు. మద్రాసు ఆర్ట్ స్కూల్లో చదివిన చిత్రకారుడు, మంచి కథలు కూడా రాశారు. ఆయన కాగితం మీద పాత్రల వేషాలు గీస్తే, రంగారావు ఆ గీతల్లోకి మనిషిని దించారు. షైలాక్ వచ్చింది ఇక్కడే. ఆ ఒంగిన వీపు, లెక్కలు కట్టే చూపు, చేతివేళ్ళ కదలిక కాకినాడ రోజుల షైలాక్ నుంచి తెచ్చుకున్నారని సినిమా పెద్దలు చెబుతుంటారు. వెనిస్ వడ్డీ వ్యాపారి నేపాళ మాంత్రికుడైపోయాడు, చూసిన మనకి మాత్రం పక్కా తెలుగువాడిలా అనిపించాడు.

ఇంకో సంగతి. చివర్లో మాంత్రికుడిని దెబ్బ కొట్టేది కత్తి కాదు, క్షౌరం. అతని శక్తంతా గడ్డంలో ఉంటుంది. అంజి, మాంత్రికుడి శిష్యుడు సదాజప వేషంలో వెళ్ళి, గడ్డం తీసేస్తే రాకుమారికి నచ్చుతావని నమ్మించి గీయించేస్తాడు. అప్పటిదాకా జనాన్ని పొగడ్తతో పడేసిన వాడు పొగడ్తకే పడిపోతాడు. ఆ గడ్డంలేని మొహం చూస్తే జాలేస్తుంది, అప్పుడు ఆయన వయసు ముప్పై రెండే అని గుర్తొస్తుంది. గడ్డం పెట్టుకుంటే వెయ్యేళ్ళ ముసలాడు, తీసేస్తే ఆశపడ్డ మామూలు మగాడు. మరుసటి ఏడు, 1952లో, మన దేశంలో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ చిత్రోత్సవానికి దక్షిణాది నుంచి వెళ్ళిన సినిమా ఇదొక్కటే.

పాప్ ఆర్ట్ అనగానే మన బ్యాచ్‌లో అందరూ ఆండీ వార్హాల్ పేరు చెప్తారు. ఆయన 1981లో మిత్స్ అని పది బొమ్మల సెట్ ఒకటి అచ్చేశాడు. మిక్కీ మౌస్, సూపర్‌మ్యాన్, డ్రాక్యులా, ఒక మంత్రగత్తె. ఆ మంత్రగత్తె బొమ్మ కోసం కూర్చున్నది ఎవరో కాదు, 1939 నాటి విజర్డ్ ఆఫ్ ఆజ్‌లో మంత్రగత్తె వేసిన మార్గరెట్ హామిల్టనే. నలభై రెండేళ్ళ తర్వాత, ముసలితనంలో, వార్హాల్ ఆమెని పిలిపించి ఫోటో తీసి బొమ్మ చేశాడు. మన మాంత్రికుడిని అలా పిలవడానికి అప్పటికే వీలు లేకపోయింది.

తర్వాతి ఇరవై ఏళ్ళు తెలుగు పురాణాల్లో రాక్షసుడెవరన్నా ఒకటే జవాబు. 1957లో మాయాబజార్ ఘటోత్కచుడు. ఆయన విలన్ కాదు, మన వైపు రాక్షసుడు. అందుకే స్టిక్కర్ల సెట్లో పెట్టలేదు, పెట్టమని గొడవ చేసినవాళ్ళు చాలామంది. పెళ్ళి భోజనం పాటలో ఆ నవ్వు, ఆ లడ్డూలు మూడేళ్ళ పిల్లలకీ తెలుసు. ఆ పాట గొంతు మాధవపెద్ది సత్యం గారిది, ఆయనదీ బ్రాహ్మణకోడూరే. గోఖలే, కళాధర్లే ఆ సినిమాకీ కళా దర్శకులు. అంటే వేషం గీసిన చెయ్యి, పాడిన గొంతు ఒకే ఊరివి, ఒకే ఇంటిపేరువి. మధ్యలో నిలబడ్డ ఒళ్ళు నూజివీడుది. అదే ఏడు సతీ సావిత్రిలో యముడు. 1958లో చెంచులక్ష్మిలో హిరణ్యకశిపుడు, 1960లో దీపావళిలో నరకాసురుడు. 1967లో భక్త ప్రహ్లాదలో మళ్ళీ హిరణ్యకశిపుడు. మా స్టిక్కర్ ఈ రెండోదే, రంగుల సినిమా కాబట్టి కిరీటం మెరుపు కూడా దొరికింది. బాపు సంపూర్ణ రామాయణంలో రావణుడు.

వీటన్నిటిలో నాకు నచ్చింది కీచకుడు. నర్తనశాల, 1963. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. కీచకుడంటే అరుపులు, కండలు అనుకుంటాం. ఈయన కీచకుడు నెమ్మదిగా నడుస్తాడు, ఒంటి మీద గంధం వాసన మనకి కూడా తగులుతుందేమో అన్నట్టు ఉంటాడు. ఎవరూ ఎప్పుడూ కాదనని మనిషి ఎలా ఉంటాడో అలా ఉంటాడు. సైరంధ్రి కాదన్నప్పుడు ముందు కోపం రాదు, అర్థంకాని చూపు వస్తుంది. భయం అక్కడ వేస్తుంది. కాలేజీలో, బస్సులో, కాదు అన్న మాట వినపడని మొహాలు మా క్లాసు అమ్మాయిలు చాలా చూసి ఉంటారు. ఆ మొహం 1963లోనే తెర మీద ఉంది. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఈ వేషానికి ఆయన ఉత్తమ నటుడయ్యారు. పాండవులెవరికీ రాని బహుమతి కీచకుడికి వచ్చింది.

అలాగని ఆయన్ని రాక్షసులకే కట్టేస్తే అన్యాయం. 1955లో బి.ఎన్. రెడ్డి తీసిన బంగారు పాపలో కోటయ్యని చూడండి. మోటు మనిషి, ఒక పసిపిల్ల చేతికొచ్చాక కరిగిపోతాడు. మిస్సమ్మలో, గుండమ్మకథలో పెద్దమనిషి. దాసరి నారాయణరావు తొలి సినిమా తాతా మనవడులో తాత. తమిళంలోనూ అంతే పేరు. రెండు సినిమాలకి దర్శకత్వం వహించారు: 1967లో చదరంగం, 1968లో బాంధవ్యాలు. రెండిటికీ నంది బహుమతులొచ్చాయి. గమ్మత్తేమిటంటే, తన చేతికి మెగాఫోన్ వచ్చినప్పుడు ఆయన రాక్షసులనీ మాంత్రికులనీ తియ్యలేదు. ఇంట్లో మనుషుల కథలు తీసుకున్నారు. కథలు కూడా రాసేవారు, పత్రికల్లో వచ్చాయి.

మంచే రాసి ఊరుకుంటే ఇది శాలువా కప్పే వ్యాసమవుతుంది. తాగుడు ఉంది. షూటింగులకి వేళకి రారన్న మాట ఉంది, ఆయన కోసం సెట్లో గంటలు గంటలు కూర్చున్నవాళ్ళున్నారు. వచ్చాక మాత్రం ఒక్క టేకులో ముగించేసేవారని ఆ కూర్చున్నవాళ్ళే చెప్పేవారు. నాకైతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుందని అనిపించదు. గ్రూప్ ప్రాజెక్టులో అలాంటివాడు ఒకడుంటే మిగతా ముగ్గురి సంగతి ఏమిటో మనకి తెలుసు.

1974 మొదట్లో గుండెపోటు వచ్చింది, తేరుకున్నారు. జూలై 18న మద్రాసులో మళ్ళీ వచ్చింది, ఈసారి తేరుకోలేదు. యాభై ఆరో పుట్టినరోజు వెళ్ళి పదిహేను రోజులు. బతికుండగా పద్మ అవార్డు ఏదీ రాలేదు. 2013లో, భారతీయ సినిమాకి నూరేళ్ళయినప్పుడు, యాభై మంది సినిమా వాళ్ళ పేర తపాలా శాఖ బిళ్ళలు వేసింది. అందులో ఈయన ఉన్నారు. 2019లో తాడేపల్లిగూడెంలో కంచు విగ్రహం పెట్టారు, చిరంజీవి వచ్చి ఆవిష్కరించారు. ఆ బిళ్ళ మీదైనా, విగ్రహం కిందైనా పేరుంది. మా స్టిక్కర్ మీదే లేదు.

పోయిన నెల రెండో విడత అచ్చు వేయించాం. ఐదింటికీ కింద అంచులో ఎస్వీ రంగారావు అని, పక్కన సినిమా, సంవత్సరం. రూమ్మేట్ సరదాకి ఆరోది ఒకటి గీశాడు: గడ్డం, కిరీటం ఏమీ లేకుండా, బంగారు పాప కోటయ్య. పేరు వెయ్యకుండా మెస్‌లో టేబుల్ మీద పెట్టి ఎవరో చెప్పమన్నాం. కంప్యూటర్స్ వాళ్ళు చెప్పలేదు, సివిల్ వాళ్ళు చెప్పలేదు, ఒకడు మా తాతలా ఉన్నాడన్నాడు. సాంబారు బకెట్ పట్టుకుని వెళ్తున్న మెస్ బాబాయి ఆగి, తడి చెయ్యి తుండుకి తుడుచుకుని, స్టిక్కర్ తీసుకుని చూశాడు. రంగారావు గారే కదా అన్నాడు. ఎంత అని అడిగాడు. డబ్బులొద్దన్నాం. వినలేదు, ఇరవై ఇచ్చాడు.

ఇప్పుడది మెస్ గోడ మీద, గంట పక్కన ఉంది. వెళ్ళినప్పుడు చూడండి.